కాలిబాట మీద గోడ

కూతురు పురిటికి వచ్చేలోపల ఇంటి చుట్టూ కంచె పడాలని వసంతమ్మ పట్టుబట్టింది. చంద్రగిరి నుంచి భాకరాపేటకు పోయే దారిలో, ఊరికి అర కిలోమీటరు అవతల, కొండ కింద వాళ్ల తోట ఇల్లు. ఇంటి వెనక మామిడిచెట్లు, ముందర శెనక్కాయ చేను, ఆ పైన అంతా అడవే. వారానికొకసారి ఎవరో ఒకరు చిరుత కనబడిందని ఫోన్లో ఫోటో పంపుతారు. వాటిల్లో సగం కుక్కలే. అయినా ఏడో నెల కడుపుతో వస్తున్న పిల్లను ఇంట్లో పెట్టుకుని, ఆ ఫోటోలు చూసి నవ్వి ఊరుకునేంత గుండె వసంతమ్మకు లేదు.

కంచె అనగానే ఊళ్లో ప్రతివాడూ మేస్త్రీ అయిపోయాడు. రాతి కూసాలు పాతి ముళ్లతీగ లాగమని ఒకడు. ఇనప కమ్మీలు పాతి జాలీ కట్టమని ఇంకొకడు. జాలీ రెండేళ్లకు తుప్పు పడుతుందని మూడోవాడు, వాడిది కూసాల వ్యాపారం. వసంతమ్మ భర్త జయచంద్ర అందరి మాటలూ విని, చివరికి తన మాటే చెప్పాడు.

"కూసాలు పాతి నాలుగు వరసలు తీగ లాగి, పైన జట్కా మిషన్ పెడదాంమే. సోలారుది. తగిలితే జటక్‌మని కొట్టి వదిలేస్తాది, ఏదీ సావదు. ఊరంతా అదే పెట్టుకుంటా ఉండారు."

"తీగ వద్దు," అంది వసంతమ్మ.

ఎందుకని ఆయన అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయాడు. మర్నాడు తిరుపతికి పోయి, సిమెంటు పలకల గోడకు చెప్పి వచ్చాడు. ఏడడుగులకొక సిమెంటు స్తంభం పాతుతారు. స్తంభానికి రెండు పక్కలా గాడి ఉంటుంది. పలకల్ని పైనుంచి ఆ గాడిలోకి ఒకదాని మీద ఒకటి దించుతారు. ఆరడుగుల గోడ. అందులో తీగ ముక్క కూడా ఉండదు.

మూడేళ్ల కిందట వాళ్ల చేను చుట్టూ ఉండింది తీగే. అడవిపందులు ఒక్క వారంలో సగం చేను తవ్విపోసినప్పుడు, "నువ్వు మొగోడివి అయ్యుండి చూస్తా కూసున్నావా?" అని భర్తను రెచ్చగొట్టింది వసంతమ్మే. ఆ మాట ఆమె మరిచిపోవాలని ఎంత ప్రయత్నించినా పోదు. ఆయన బోరు దగ్గర స్టార్టరు డబ్బాలోంచి కరెంటు తీసి, చేను చుట్టూ మోకాలెత్తున లాగిన కట్టుతీగకు తగిలించాడు. తెల్లారగట్ల కరెంటు ఆపి తీగ తియ్యడానికి పోయిన వసంతమ్మకు కాలిబాట మీద శాంతయ్య కనబడ్డాడు. మేకలు కాసుకునే మనిషి. వంక అవతలి నుంచి వాళ్ల కాలనీకి పోవడానికి తాతల నాటి నుంచి అందరూ నడిచే బాట అది, వీళ్ల చేలోంచే పోతుంది. చీకట్లో తప్పిపోయిన మేక కోసం వచ్చాడో ఏమో, తీగను దాటబోయి చేత్తో ఎత్తినట్టున్నాడు. పిడికిలి బిగుసుకుపోయి ఉంది. వేళ్లను ఒక్కొక్కటే విప్పి తీగ బయటికి లాగింది వసంతమ్మే. వెంట్రుకలు కాలిన వాసన ఆమె చీరకు నాలుగు ఉతుకుల దాకా పోలేదు.

మొగుడూ పెళ్లామూ ఆయన్ను మోసుకుపోయి వంక గట్టున పడుకోబెట్టారు. పొద్దెక్కాక ఎవరో చూసి కేకలు పెట్టారు. పాము కరిచిందన్నారు. వసంతమ్మ కూడా చావింటికి పోయింది. శాంతయ్య భార్య తాయమ్మను పట్టుకుని ఆమెకన్నా ఎక్కువే ఏడ్చింది. వాళ్ల కూతురు, పదేళ్ల నిస్సీ, ఒక మూల కూర్చుని వీళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఈ సంగతి రూపశ్రీకి తెలియకూడదు. వసంతమ్మకు దేవుడి ముందు ఉన్న కోరిక అదొక్కటే. ఒక్కతే కూతురు. చిన్నప్పుడు వాన పడి వంక పొంగితే ఆ పిల్లను భుజం మీద ఎక్కించుకుని బడి వ్యాను దాకా దాటించింది శాంతయ్యే. ఆయన చచ్చిపోయాడని తెలిసిన రోజు పిల్ల ఫోన్లో ఏడ్చిన ఏడుపు తల్లికి ఇంకా గుర్తుంది. అసలు సంగతి తెలిస్తే ఈ ఇంటి గడప తొక్కదు, పుట్టబోయే బిడ్డను ఈ ఒళ్లో పెట్టదు.

గోడ పనికి పాకాల నుంచి మునిచంద్ర అనే మేస్త్రీ వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు. సిమెంటు కలిపి అందించడానికి ఆడమనిషి కావాలంటే జయచంద్ర తాయమ్మనే పిలిచాడు.

"ఆమె ఎందుకు?" అంది వసంతమ్మ లోపలికి పిలిచి.

"ఎప్పుడూ ఆమే గదా పనికొచ్చేది. ఇప్పుడు వద్దంటే ఎందుకంటారు," అన్నాడాయన. మూడేళ్లుగా ఆ ఇంట్లో అన్నిటికీ అదే సమాధానం.

పన్నెండు రోజుల్లో మూడు పక్కలా గోడ లేచింది. ఇల్లు, ఇంటిని ఆనుకున్న చేను అన్నీ లోపలికి వచ్చాయి. తూర్పున గేటు. చివరికి పడమటి వైపు, కాలిబాట కాలనీ వైపు బయటికి పోయే చోట, ఒక్క సందు మిగిలింది. ఆ రోజు సాయంత్రం మేస్త్రీ ఆ సందు దగ్గర నిలబడి తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అక్కా, నడిచిన బాటను ఊరికే మూయకూడదు. మా నాయన కాలం నుంచి మాకు ఇదొక కట్టుబాటు. ఈ బాటన నడిచినోళ్లను పేరుపేరునా పిలిచి, ఈ దారి మూస్తా ఉండాము, ఇంక చుట్టుకుని పోండి అని ఇంటి ఇల్లాలు చెప్పాల. ఉండేటోళ్లకూ చెప్పాల, పోయినోళ్లకూ చెప్పాల."

"చెప్పకపోతే?" అన్నాడు జయచంద్ర.

"వాళ్లకు తెలీదు గదప్పా. అలవాటుగా నడిచి వస్తారు. పోయేదానికి దారుండదు."

వసంతమ్మ గుప్పిట్లో పసుపు బియ్యం పెట్టారు. ఆమె ఒక్కొక్క పేరూ చెప్పి నాలుగు గింజలు సందులో వేస్తూ వచ్చింది. తన అత్త దేవకమ్మ. మామ. పాలు పోసే సిద్ధమ్మ. కాలనీలో జయరావు, వాళ్లమ్మాయి రూతు. సిమెంటు బొచ్చె పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్న తాయమ్మ. తాయమ్మ తర్వాత నాలుక మీదికి దానంతటదే ఒక పేరు వచ్చింది. వసంతమ్మ దాన్ని మింగేసింది. నిస్సీ అంది. గుప్పిట్లో మిగిలిన గింజలన్నీ ఒకేసారి విసిరేసింది.

"మా ఆయన పేరు అనలేదే అమ్మా," అంది తాయమ్మ. గొంతులో కోపం లేదు.

"మీరు చర్చికి పొయ్యేవాళ్లు గదా తాయమ్మా. పోయినోళ్లకు మా పసుపు బియ్యం ఎందుకులే."

"జయరావుదీ చర్చే. ఆయన్ను పిలిచినావు."

"ఆయన బతికుండాడు గదా," అంది వసంతమ్మ. తన అత్త పోయి తొమ్మిదేళ్లయిందని, ఆమెను కూడా ఇప్పుడే పిలిచిందని అక్కడ అందరికీ తెలుసు. మేస్త్రీ తల వంచుకున్నాడు.

"పొద్దు పోతా ఉండాది, పలక దించండప్పా," అని జయచంద్ర కసిరాడు. ఇద్దరు మనుషులు పలకను ఎత్తి గాడిలోకి వదిలారు. దబ్బుమని కిందికి దిగింది. తాయమ్మ బొచ్చెలో మిగిలిన సిమెంటు దాని సందుల్లో మెత్తింది.

రూపశ్రీ శుక్రవారం వచ్చింది. అల్లుడికి సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం, నాలుగు రోజులు సెలవు పెట్టి దగ్గరుండి దించాడు. పిల్ల గోడంతా తిరిగి చూసి, "ఏంది మా ఇది, జైలు మాదిరి ఉండాది," అని నవ్వింది. వసంతమ్మ కూడా నవ్వింది. చాలా రోజులకు ఆ ఇంట్లో వంట వాసన బాగుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం అల్లుణ్ని రైలెక్కించడానికి జయచంద్ర తిరుపతికి పోయాడు. సాయంత్రానికి కొండ మీద మబ్బు పట్టింది. దీపాలు పెట్టే వేళకు వాన మొదలై కరెంటు పోయింది. తడిసిన మట్టి వాసన, మామిడాకుల మీద చినుకుల చప్పుడు. రూపశ్రీ వరండాలో కుర్చీ వేసుకుని కాళ్లు పీట మీద పెట్టుకుంది. వసంతమ్మ కొవ్వొత్తి వెలిగించి కిటికీలో పెట్టింది. వాన సన్నబడింది. కప్పలు అరుస్తున్నాయి.

కాసేపటికి కప్పలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి.

"మా, ఎవరో తట్టతా ఉండారు," అంది రూపశ్రీ.

"గేటు కాడా?"

"గేటు కాడ గాదు. గోడను."

వసంతమ్మ చెవులు రిక్కించింది. పడమటి మూల నుంచి వస్తోంది. అరచేత్తో సిమెంటు పలకను తట్టే చప్పుడు. మెల్లిగా, మర్యాదగా, పరాయి ఇంటి తలుపు తట్టినట్టు. మూడుసార్లు. కాస్త ఆగి ఇంకొకటి. ఆ తర్వాత కొంచెం ఇవతలికి జరిగి మళ్లీ మూడు... ఇంకొకటి. ఒక్కొక్క పలకనూ తట్టి చూసుకుంటూ వస్తున్నట్టుంది. ఉత్తరం గోడ వెంబడి... గేటు దాకా... గేటును మాత్రం తట్టలేదు. దాన్ని దాటుకుని దక్షిణం గోడ మీదికి పోయింది.

"బయట ఎవరన్నా పిల్లకాయలేమో," అంది వసంతమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"బయట గాదు మా. లోపలి నుంచి."

ఆ మాట నిజమే. బయటి నుంచి తడితే చప్పుడు గోడ అవతలే ఆగుతుంది. ఇది చేలో తిరుగుతోంది. మెత్తటి బురదలో కాలు దిగి, బయటికొస్తున్న చప్పుడు కూడా మధ్యమధ్య వినబడుతోంది. వసంతమ్మ టార్చిలైటు తీసుకుంది.

"నువ్వు లోపలికి పో. తలుపేసుకో."

"ఒక్కదానివే ఎందుకు మా, నాయన్ను రానీ."

"పో అన్నానా!"

చేలో దిగింది. శెనక్కాయ చెట్లు తడిసి కాళ్లకు చుట్టుకుంటున్నాయి. టార్చి వెలుగులో గోడ తెల్లగా, ఖాళీగా ఉంది. చప్పుడు ఆమెకన్నా ముందు పోతోంది. దక్షిణం గోడ అయిపోయింది. పడమటికి తిరిగింది. పోయి పోయి, కాలిబాట ఉండిన చోట, తాయమ్మ సిమెంటు మెత్తిన పలక దగ్గర... ఆగింది.

మూడు. ఆగి... ఇంకొకటి.

వాసన వచ్చింది. వెంట్రుకలు కాలిన వాసన. వానలో తడిసిన చేలో, అగ్గిపుల్ల కూడా వెలగని చోట. పలక మీద వెలుగు పడుతోంది, అక్కడ ఎవరూ లేరు. కానీ పలక ముందరి బురద అణుగుతోంది. ఒక కాలు... రెండో కాలు... గోడ వైపు తిరిగి ఉన్న పాదాల గుర్తులు.

మూడేళ్లుగా ఆమె ఆ పేరు పైకి అనలేదు.

"శాంతయ్యా," అంది గుసగుసగా.

తట్టడం ఆగిపోయింది. బురదలో పాదాల గుర్తులు మెల్లిగా... ఇటు తిరిగాయి.

వింటున్నాడు. ఇంక చెప్పాల్సిందేమిటో వసంతమ్మకు తెలుసు. మా తీగే అని చెప్పాలి, నేనే పెట్టించాను అని చెప్పాలి, క్షమించమని అడగాలి. పలక ఎత్తించి దారి విడవాలి. కానీ పలక ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. మనుషుల్ని పిలిస్తే ఎందుకని అడుగుతారు. అంతలో వెనకాల వరండాలోంచి కేక వినబడింది.

"మా! ఎవరితో మాట్లాడతా ఉండావు?"

కూతురు లోపలికి పోలేదు. కొవ్వొత్తి చేత పట్టుకుని మెట్ల మీదికి దిగింది. వసంతమ్మకు కంగారు పుట్టింది. నోటికొచ్చింది అనేసింది.

"ఈడ దారి లేదు శాంతయ్యా. నీకు దండం పెడతా. నా కూతురి ముందర వద్దు. ఇంక యాడ దారి దొరికితే ఆడ్నే పో... ఏ దారి దొరికితే ఆ దారిన పో."

గాలి లేదు, వాన లేదు. ఆమె పక్క నుంచి ఏదో వెచ్చగా దాటుకుని పోయింది. శెనక్కాయ చెట్లు ఒకదాని తర్వాత ఒకటి ఇంటి వైపు వంగి లేచాయి. ఆ చివర మెట్ల మీద రూపశ్రీ చేతిలో కొవ్వొత్తి ఆరిపోయింది.

వసంతమ్మ పరిగెత్తింది. పిల్ల బాగానే ఉంది. "గాలికి ఆరిపోయింది మా, అంతే," అంది. కప్పలు మళ్లీ అరవడం మొదలుపెట్టాయి.

ఆ తర్వాత మూడు రోజులు గోడ దగ్గర ఏ చప్పుడూ లేదు. ఆ మాట భర్తకు కూడా చెప్పకుండా వసంతమ్మ తనలో తానే తేలికపడింది. పోయాడనుకుంది. తన మాట విని పోయాడు, మంచి మనిషి, బతికుండగా కూడా ఎవరి మాటా కాదనేవాడు కాదు అనుకుంది. అట్లా అనుకోవడానికి సిగ్గు కూడా పడలేదు.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం తాయమ్మ వచ్చింది. రూపశ్రీ కాళ్లకు నీరు దిగిందని, ఆముదం రాయమని పిల్లే కబురు చేసిందట. ఎండ వరండా అంచు దాకా ఉంది. తాయమ్మ కింద కూర్చుని పాదాలు ఒళ్లో పెట్టుకుని రాస్తోంది. వసంతమ్మ పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"తాయమ్మక్కా, బిడ్డ సూడు ఏం చేస్తా ఉండాదో. మూడు రోజుల నుంచి ఇదే పని," అంటూ రూపశ్రీ తాయమ్మ చెయ్యి లాక్కుని కడుపు మీద పెట్టుకుంది. "తన్నడం గాదు, తట్టతా ఉండాది."

తాయమ్మ నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది కానీ కళ్లల్లోంచి పోయింది. చెయ్యి తియ్యలేదు. పెదాలు లెక్కపెడుతున్నట్టు కదిలాయి.

"మా ఆయన ఇంటికొస్తే తలుపు ఇట్లే తట్టేవాడు," అంది చివరికి. "మూడు తట్టి, ఆగి, ఇంకొకటి. నిస్సీ నిద్ర లేస్తాదని మెల్లిగా తట్టేవాడు."

"అయితే శాంతయ్యన్నే నా కడుపున పుడతా ఉండాడేమో," అని రూపశ్రీ నవ్వింది.

తాయమ్మ వసంతమ్మ వైపు తిరిగింది.

"ఆయన్ను నేనే కడిగినానమ్మా. కుడి అరచేతిలో అడ్డంగా నల్లటి గీత ఉండె. పాము కరిస్తే అట్లా గీత పడుతాదా? మూడేండ్లుగా నీ ఇంటి పని చేస్తా నువ్వే చెప్తావని చూస్తా ఉండాను. ఇప్పుడన్నా చెప్పు. మా ఆయన యాడ సచ్చినాడు?"

రూపశ్రీ నవ్వు ఆగిపోయింది. తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత తన కడుపు వైపు చూసుకుంది.

"మా... ఆగిపోయింది. వినేదానికి ఆగినట్టు."

రెండు మాటలు చాలు. మా చేలో, మా తీగకు. వసంతమ్మ చేతిలో చింతపండు ముద్దయిపోయింది. ఎదురుగా కూతురి కళ్లు. ఆ కళ్లల్లో తను ఇంకా తల్లే.

"వంక కాడే గదా తాయమ్మా. ఊరంతా చూసినారు."

తాయమ్మ చేతులకున్న ఆముదం కొంగుకు తుడుచుకుని లేచింది. గేటు తీసుకుని, గోడ చుట్టూ తిరిగి కాలనీ వైపు పోయింది.

"మళ్లీ మొదలుపెట్టింది మా," అంది రూపశ్రీ. కడుపు మీద చెయ్యి పక్కకు జరిపింది. "ఇప్పుడు ఈడ."

"ఊరుకో, పడుకో పో."

"ఇప్పుడు పైన..." చెయ్యి డొక్కల మీదికి వచ్చింది. అక్కడ కాసేపు ఆగింది. అక్కడి నుంచి గుండెల మీదికి. "ఈడ గూడా తట్టతాదా మా, బిడ్డ? ఇంత పైన?"

నొప్పి లేదంది. భయపడుతున్నట్టు కూడా లేదు. ఎవరో చెబుతున్న దాన్ని శ్రద్ధగా వింటున్నట్టు తల ఒక పక్కకు వంచింది. చెయ్యి గొంతు దగ్గరికి వచ్చింది. మింగింది. మళ్లీ మింగింది. వరండాలో వెంట్రుకలు కాలిన వాసన...

"మా, నోట్లోకి ఏదో మాట వస్తా ఉండాది. నాది గాదు. చెప్పేదా?"

పెదాలు విచ్చుకుంటున్నాయి. వసంతమ్మ ఒక్క దూకున లేచి, చింతపండు చేతులతోనే కూతురి నోరు మూసింది. రెండు అరచేతులూ గట్టిగా అదిమి పట్టింది. పిల్ల గింజుకోలేదు. తల్లి కళ్లల్లోకి చూస్తూ కదలకుండా కూర్చుంది.

అప్పుడు వసంతమ్మ అరచేతుల కింద, లోపలి నుంచి, మెల్లిగా, మర్యాదగా... మూడుసార్లు తట్టింది. కాస్త ఆగింది.